ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉగ్గు: పిండి చేయడం, వండడం, పెట్టడం, బరువు చూసుకోవడం

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి కొత్త తల్లులు, వారికంటే ఎక్కువగా వారి అమ్మలూ అత్తలూ, నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒక్కటే: "రోజూ రెండు పూటలా రాగి జావ తాపిస్తున్నాము, అయినా బిడ్డ బరువు పెరగడం లేదు, ఏమి తక్కువైంది?" రాగుల్లో లోపమేమీ లేదు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో గాని, గోధుమలో గాని అందులో నాలుగో వంతు కూడా ఉండదు. లోపం "తాపించడం" అన్న మాటలోనే ఉంది. ఏడు కిలోల బిడ్డ కడుపులో ఒక పూటకు పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు మాత్రమే. గ్లాసుతో తాగేంత పలుచగా కాచిన జావతో ఆ చోటంతా నిండితే బిడ్డ లోపలికి వెళ్లినది ముప్పాతికకు పైగా నీరే అవుతుంది. బిడ్డ కడుపు నిండి నిద్రపోతుంది గాని ఒళ్లు చేయదు. మా పెద్దమ్మాయి విషయంలో నేనూ రెండు నెలల పాటు ఈ పొరపాటే చేశాను కాబట్టి ఎవరినీ తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు.

అందువల్ల ఈ వివరణలో పిండి ఎలా చేసుకోవాలన్న దానికంటే, ఉగ్గు ఎంత గట్టిగా ఉండాలన్న దాని మీదనే ఎక్కువ చెబుతాను.

ముందుగా సమకూర్చుకోవలసినవి

రాగులు అర కిలో, పొట్టు తీసిన పెసరపప్పు 150 గ్రాములు, పుట్నాలు (మన వైపు పప్పులు అంటే ఇవే) 100 గ్రాములు, వేరుశనగ గింజలు 100 గ్రాములు, కొద్దిగా నెయ్యి లేదా వేరుశనగ నూనె కావాలి. పలుచటి నూలు గుడ్డ ఒకటి, సన్నని జల్లెడ, మూత గట్టిగా పట్టే పొడి డబ్బాలు మూడు, బిడ్డకు మాత్రమే కేటాయించిన గిన్నె, అంచులు మెత్తగా ఉన్న చిన్న చెంచా ఉండాలి. పాలసీసా ఈ జాబితాలో లేదు, ఇంట్లో ఉన్నా తీయవద్దు. సీసాలో పట్టే ఉగ్గు ఎటూ పలుచగానే ఉంటుంది. సీసా తలను శుభ్రంగా కడగడం కూడా కష్టం.

వేరుశనగ గింజల విషయంలో ఒక హెచ్చరిక. మన పొలాల్లో పండినవే కదా అని ఏరకుండా వాడవద్దు. ముడతలు పడినవి, రంగు మారినవి, ఆకుపచ్చ లేదా నల్లటి బూజు పట్టినవి, నోట వేసుకుంటే చేదుగా ఉన్నవి అన్నీ తీసి పారేయాలి. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి చెరుపు చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. వాన తగిలిన కాయలను ఇంటి వాడకానికి పక్కన పెట్టుకునే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. బిడ్డ తిండికి మాత్రం అవి పనికిరావు.

1. సమయం వచ్చిందో లేదో చూసుకోండి

పుట్టిన నాటి నుంచి 180 రోజులు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ, నీళ్లు కూడా, అవసరం లేదు. మే నెలలో మన ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నాలుక తడుపుదామని నీళ్లు తాపాలనిపించడం సహజమే గాని, తల్లిపాలలో ఎనభై ఏడు శాతం వరకు నీరే ఉంటుంది కాబట్టి ఆ వేడిలో బిడ్డకు కావలసింది మరికొన్నిసార్లు పాలు పట్టడం, తల్లి ఎక్కువ నీళ్లు తాగడం మాత్రమే.

ఇక్కడ అన్నప్రాసన లెక్కతో చిక్కు వస్తుంది. ఆడపిల్లకు బేసి నెలలో, మగపిల్లవాడికి సరి నెలలో చేయడం మన ఆచారం. ఆడపిల్లకు అయిదో నెలలో ముహూర్తం పెడితే అది తొందరపాటవుతుంది, ఏడో నెలకు పెట్టించుకోండి. మగపిల్లవాడికి ఎనిమిదో నెలలో గాని ముహూర్తం కుదరకపోతే వేడుకను అప్పుడే చేసుకోండి, ఉగ్గును మాత్రం 180 రోజులు నిండిన మరునాడే మొదలు పెట్టండి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఇనుము నిల్వలు ఆరో నెలకు దాదాపుగా అయిపోతాయి, ముహూర్తం కోసం అవి ఆగవు.

రోజుల లెక్కతో పాటు మెడ నిలిచిందా, ఆనించి కూర్చోబెడితే కూర్చుంటున్నదా, చెంచా చూసి నోరు తెరుస్తున్నదా అన్నది గమనించండి. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డ అయితే ఎప్పుడు మొదలు పెట్టాలో పిల్లల డాక్టరునే అడగాలి.

2. రాగులను మొలకెత్తించి ఆరబెట్టండి

రాళ్లు ఏరి, మూడు నాలుగు నీళ్లలో కడిగిన రాగులను రాత్రంతా నానబెట్టి, ఉదయం నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టండి. వేసవిలో ఒక రోజులో, చలికాలంలో ఒకటిన్నర నుంచి రెండు రోజుల్లో, చిన్న తెల్ల మొలక కనిపిస్తుంది. గుడ్డ ఆరిపోకుండా పూటకోసారి నీళ్లు చిలకరించాలి. పుల్లటి వాసన వచ్చినా, మూటలో జిగురు కనిపించినా ఆ రాగులను పారబోసి మళ్లీ మొదలు పెట్టండి. అర కిలో రాగులు పోతాయన్న దిగులు పెట్టుకోవద్దు.

మొలకలను నీడలో, దుమ్ము పడకుండా పలుచటి గుడ్డ కప్పి, పటపటలాడేటట్లు ఆరబెట్టి, చేతులతో నులిమి మొలక తోకలను చెరిగేయండి. ఇందులో పిడికెడు రాగులను వేయించకుండా విడిగా ఉంచండి; వాటి అవసరం నాలుగో అంచెలో వస్తుంది. మిగిలినవి సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చేవరకు వేయించాలి.

రాగులు బాగా మొలకెత్తాయి కదా అని జొన్నలను కూడా ఇలాగే మొలకెత్తించవద్దు. జొన్న మొలకలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. లేత జొన్న మేసిన పశువులు పడిపోవడం మన రైతులందరూ చూసినదే. జొన్నలు వాడదలిస్తే మొలకెత్తించకుండా, కడిగి వేయించి పిండి పట్టించండి.

3. పిండి పట్టించండి

పెసరపప్పును దోరగా వేయించి, పుట్నాలతో కలిపి ఒక పిండిగా. వేయించిన రాగులను మరొక పిండిగా. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గింజలను ఇంట్లోనే మిక్సీలో పొడిగా చేసుకోండి. మూడింటినీ కలిపేయకుండా వేరువేరు డబ్బాల్లో ఉంచమని చెప్పడానికి రెండు కారణాలున్నాయి. మొదటి వారాల్లో ఒక్కొక్క పదార్థాన్నే పరిచయం చేయాలి. రెండోది, వేరుశనగ పొడిలో నూనె ఉండటం వల్ల అది ముక్కిపోతే మొత్తం పిండి పాడవుతుంది. ఆ పొడిని వారానికి సరిపడా మాత్రమే చేసుకోవాలి. మిగతా రెండూ నెల రోజులు నిలుస్తాయి.

పిండి మరకు వెళ్లినప్పుడు మీ ముందు ఏమి పట్టారో అడగండి. మిరపకాయలు లేదా పసుపు పట్టిన వెంటనే బిడ్డ పిండి పట్టించకూడదు. ముందు పిడికెడు బియ్యం మరలో పోయించి, ఆ పిండిని పక్కకు తీసేయించి, తర్వాత మీ రాగులు పోయమనండి. మరలోనే వేడిగా ఉన్న పిండిని డబ్బాకెత్తి మూత పెడితే చెమ్మ పట్టి పురుగు పడుతుంది, కాబట్టి ఇంట్లో పరిచి చల్లార్చి, సన్నగా జల్లించి దాచండి.

ఇంత పని చేసుకునే వీలు లేనివారికి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మంచి ప్రత్యామ్నాయమే. అందులో ఇప్పటికే చక్కెర, నూనె, పాలపొడి ఉంటాయి కాబట్టి మళ్లీ కలపనక్కర లేదు. ఇంటిల్లిపాదీ లడ్డూలు చుట్టుకుని తినేస్తే మాత్రం బిడ్డ వాటా బిడ్డకు దక్కదు.

4. ఉగ్గు వండండి: అసలు పని ఇదే

రెండు టేబుల్ స్పూన్ల రాగి పిండిని (సుమారు 20 గ్రాములు) 150 మిల్లీలీటర్ల చల్లటి నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు కలుపుతూ ఉడికించండి. దించాక అర టీస్పూన్ నెయ్యి లేదా నూనె కలపండి. బిడ్డకు ఏడాది నిండేవరకు ఉప్పు గాని, చక్కెర గాని, బెల్లం గాని వేయవద్దు. మీరు రుచి చూసి చప్పగా ఉన్నదని ముఖం చిట్లిస్తే ఆ ఉగ్గు సరిగ్గా ఉన్నట్లే, ఎందుకంటే ఆ నాలుక ఇంకా ఉప్పు ఎరుగదు.

ఇప్పుడు పరీక్ష. చెంచాతో తీసి పక్కకు వంచండి. ధారగా కారిపోతే అది జావ, ఉగ్గు కాదు. మళ్లీ పొయ్యి మీద పెట్టి దగ్గరపడనివ్వండి. చెంచాకు అంటి ఉండి, బాగా వంచినప్పుడు మాత్రమే ముద్దగా జారితే సరైన పాకం వచ్చినట్లు. రాగి సంగటి అంత గట్టిగా కూడా ఉండకూడదు, అది ఏడాది దాటిన బిడ్డకు, పప్పో కూరో కలిపి మెత్తగా పిసికి పెట్టవలసినది.

గట్టి ఉగ్గు గొంతు దిగడం లేదని చాలామంది నీళ్లు పోసి పలుచన చేస్తారు. అలా చేయకుండా ఉండేందుకే మనం వేయించని మొలకల రాగులను విడిగా దాచుకున్నాము. వాటిని పొడి చేసి ఉంచుకుని, ఉగ్గు దించాక వేలు తాళగలిగే వేడికి కొంచెం ఎక్కువగా ఉన్నప్పుడు అర టీస్పూన్ పొడి వేసి అయిదు నిమిషాలు కలుపుతూ ఉండండి. మొలకలో పుట్టిన అమైలేజ్ అనే పదార్థం పిండి జిగటను విరగ్గొట్టి, ఒక్క చుక్క నీరు పోయకుండానే ఉగ్గును మెత్తగా జారేటట్లు చేస్తుంది. తర్వాత దానిని మరొకసారి బాగా పొంగు రానివ్వాలి. పచ్చి పిండిలో ఉండే క్రిములు చావాలంటే ఇది తప్పనిసరి. ఇలా జారిన ఉగ్గు చెంచా పరీక్షలో పలుచగా కనిపించినా పరవాలేదు, అందులోని పిండి తగ్గలేదు కదా.

నీటి సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాల్లో చాలా ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. మరిగించడం వల్ల క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో దాని శాతం పెరుగుతుంది. ఊరికి వచ్చే రక్షిత నీటినో, శుద్ధి చేసిన నీటినో తెచ్చి, దానిని మరిగించి బిడ్డ వంటకు వాడండి.

వండిన ఉగ్గును ఎండాకాలంలో గంట, గంటన్నరకు మించి ఉంచవద్దు. ఉదయం వండి సాయంత్రం వేడి చేసి పెట్టడం వల్ల వచ్చే విరేచనాలను చాలా ఇళ్లలో పళ్లు వస్తున్నాయని సరిపెట్టుకుంటారు.

5. మొదటి రెండు మూడు వారాలు

మొదటి మూడు రోజులు రాగి పిండి ఉగ్గు మాత్రమే, రోజుకు రెండు సార్లు, రెండు మూడు టేబుల్ స్పూన్ల చొప్పున పెట్టండి. మొదటి రోజు ఒకటి రెండు చెంచాలు మించి తినకపోయినా కంగారు వద్దు. నాలుగో రోజు నుంచి రెండు వంతుల రాగి పిండికి ఒక వంతు పప్పు పిండి కలపండి. ఏడెనిమిదో రోజున వేరుశనగ పొడిని చెంచా కొసన తీసుకుని కలిపి, పగటి పూట, మీరు దగ్గర ఉండే సమయంలో పెట్టండి. ముఖం మీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, పిల్లికూతలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏమీ లేకపోతే కొద్దికొద్దిగా పెంచి పూటకు ఒక టీస్పూన్ వరకు వేయవచ్చు. బిడ్డకు ఒళ్లంతా గజ్జి వంటి పొక్కులు ఇప్పటికే ఉంటే వేరుశనగ, గుడ్డు మొదలు పెట్టే ముందు డాక్టరును అడగండి.

బిడ్డ నాలుకతో ఉగ్గును బయటకు నెట్టడం చూసి ఇష్టం లేదని మానేసేవారు చాలామంది. పీల్చడం మాత్రమే తెలిసిన నాలుకకు అది మొదటి వారం సహజమైన కదలిక. ఒకే రుచిని ఎనిమిది పది సార్లు చూపించాకనే కొందరు పిల్లలు ఒప్పుకుంటారు.

తల్లిపాలు రెండేళ్ల వరకు, ఆ తర్వాత కూడా, కొనసాగించండి. ఏడాది లోపు ఆవుపాలను గాని, గేదెపాలను గాని తల్లిపాలకు బదులుగా పట్టవద్దు. ఉగ్గులో కొద్దిగా కలపడం, పెరుగు పెట్టడం వరకు పరవాలేదు.

6. నెలలు పెరిగే కొద్దీ

ఎనిమిది నెలలు నిండేసరికి 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం, రోజుకు రెండు మూడు సార్లు తినాలి. తొమ్మిదో నెల నుంచి అదే అర గిన్నె మూడు నాలుగు సార్లు, మధ్యలో ఒకటి రెండు సార్లు అరటిపండో ఉడికించిన చిలగడదుంపో పెట్టండి. ఈ వయసులో జల్లించడం, మిక్సీ వేయడం మానేసి చేతితో మెదపడం మొదలు పెట్టాలి. తొమ్మిది పది నెలలకు కూడా మెత్తటి గుజ్జే పెడుతూ పోతే ఆ తర్వాత నమలడం నేర్పడం కష్టమవుతుంది. ఏడాది దాటాక ముప్పాతిక నుంచి నిండు గిన్నె వరకు, ఇంటి వంటనే కారం వేయకముందు తీసి పెట్టండి.

ఎంత పెట్టామన్నదానితో పాటు ఎన్ని రకాలు పెట్టామన్నది ముఖ్యం. తల్లిపాలు ఒకటి; ధాన్యాలు, దుంపలు ఒకటి; పప్పులు, గింజలు ఒకటి; పాలు, పెరుగు ఒకటి; గుడ్డు ఒకటి; మాంసం, చేప ఒకటి; క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, ఆకుకూరల వంటివి ఒకటి; మిగిలిన కూరగాయలు, పండ్లు ఒకటి అని ఎనిమిది వర్గాలున్నాయి. వీటిలో కనీసం అయిదు రోజూ బిడ్డ నోటికి చేరాలి. సాయంత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి. రాగి ఉగ్గు, పప్పన్నం, తల్లిపాలు అయితే మూడే అయ్యాయి.

బాగా ఉడికిన గుడ్డును, పచ్చసొన, తెల్లసొన రెండూ, ఆరో నెల నిండాక మెదిపి పెట్టవచ్చు. ఏడాది వరకు ఆగమనే మాటకు ఆధారం లేదు. మాంసాహారులైతే కోడి, మేక కాలేజాను వారానికి ఒకసారి ఒకటి రెండు చెంచాలు, మిగతా రోజుల్లో మెత్తగా ఉడికించి నూరిన మాంసం పెట్టండి. శరీరం సులువుగా పట్టుకునే ఇనుము వాటిలోనే ఉంటుంది, మాంసం ముక్కలను పెద్దలు తిని బిడ్డకు చారు మాత్రమే పోస్తే ఆ ఇనుము ముక్కల్లోనే మిగిలిపోతుంది. శాకాహారులు పప్పులో, ఆకుకూరలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. అయినా శాకాహారంతోనే ఇనుము పూర్తిగా అందడం కష్టం కాబట్టి, ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్‌ను వారానికి రెండు సార్లు 1 మిల్లీలీటరు చొప్పున మానకుండా వేయండి. దాని వల్ల మలం నల్లబడుతుంది, భయపడవలసిన పని లేదు. తొమ్మిది నెలలు నిండగానే టీకాతో పాటు విటమిన్ ఎ మొదటి మోతాదు వేయించారో లేదో కార్డులో చూసుకోండి.

7. ఇవి చేయవద్దు

పప్పు మీద తేటను, కూర మీద రసాన్ని "బలం" అని పోయవద్దు. బలం అడుగున ఉన్న పప్పులో ఉంది. టీలో ముంచిన బిస్కెట్ కడుపు నింపుతుంది, అందులోని టీ ఇనుమును పట్టనివ్వదు. ఏడాది లోపు తేనె నాకించవద్దు, దాని వల్ల బొటులిజం అనే ప్రాణాపాయకరమైన జబ్బు రావచ్చు. కడుపు శుభ్రమవుతుందని ఆముదం పట్టించే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. ఏడుస్తున్న బిడ్డ నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తెచ్చిన సందర్భాలున్నాయి. మాటలు త్వరగా వస్తాయని నాలుకకు వస రాయడం కూడా వద్దు. వేరుశనగ గింజలు, పుట్నాలు, ద్రాక్షపండ్లు వంటివి అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలుగా చేతికి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ముక్కు మూసి, కాళ్ల మీద పడుకోబెట్టి పోసే పద్ధతికీ అదే ప్రమాదం ఉంది. కూర్చోబెట్టి, ముఖం చూస్తూ, మాట్లాడుతూ పెట్టండి. బిడ్డ తల తిప్పుకుంటే ఆపి, కొద్దిసేపటికి మళ్లీ చెంచా చూపండి. సెల్‌ఫోన్ చూపించి పెట్టిన బిడ్డకు తన కడుపు నిండినదో లేదో తెలుసుకునే అవకాశమే ఉండదు.

8. సరిపోతున్నదని ఎలా తెలుసుకోవాలి

పొరుగింటి బిడ్డతో పోల్చవద్దు. నెలకు ఒకసారి, ఒకే తూకం మీద, బట్టలు తీసేసి బరువు చూపించి, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని గ్రాఫ్ మీద చుక్క పెట్టించండి. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ గ్రాఫ్ వేరుగా ఉంటుంది, తప్పు పేజీలో చుక్క పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

మొదటి మూడు నెలల్లో నెలకు ముప్పావు కిలో, కిలో పెరిగిన బిడ్డ ఆరు నెలల తర్వాత నెలకు 250 నుంచి 350 గ్రాములే పెరుగుతుంటే తగ్గిపోయిందని దిగులు పడకండి, అది సహజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మధ్యస్థ బరువు ఆరు నెలలకు మగపిల్లవాడికి 7.9, ఆడపిల్లకు 7.3 కిలోలు, ఏడాదికి 9.6, 8.9 కిలోలు. మీ బిడ్డ ఆ అంకెకు కొంత తక్కువగా ఉన్నా, చుక్కలు కలిపిన గీత గ్రాఫ్‌లోని వంపుతో సమానంగా పైకి పోతున్నంత కాలం ఉగ్గు సరిపోతున్నట్లే. గీత అడ్డంగా సాగితే ముందుగా మీ గిన్నెలో చెంచా పరీక్ష మళ్లీ చేయండి, పూటలు లెక్కపెట్టండి, నెయ్యి వేస్తున్నారో లేదో చూడండి. రెండో నెల కూడా అలాగే ఉన్నా, గీత కిందికి దిగినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

అంగన్‌వాడీలో జబ్బ కొలిచే టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉంటే ఆకుపచ్చ, 11.5 నుంచి 12.5 లోపు ఉంటే పసుపు, అంటే పూటలూ నెయ్యీ పెంచి తరచుగా కొలిపించాలి, 11.5 కంటే తక్కువైతే ఎరుపు, ఆ బిడ్డను ఇంటి తిండితో సరిచేయాలని చూడకుండా పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రెండు పాదాల మీద బొటనవేలితో నొక్కి పట్టి వదిలితే గుంట అలాగే నిలిచినా, టేపు ఏమి చెప్పినా సరే, ఆలస్యం చేయకూడదు. ఉబ్బిన బిడ్డను చూసి బొద్దుగా ఉన్నదని మురిసిపోయిన ఇళ్లు ఉన్నాయి.

9. జబ్బు పడిన రోజుల్లో

విరేచనాలు పట్టుకున్నప్పుడు తిండి ఆపవద్దు. తల్లిపాలు ఎక్కువసార్లు పడుతూ, విరేచనం అయిన ప్రతిసారీ ఓఆర్‌ఎస్‌ను చెంచాతో పోస్తూ, డాక్టరో ఆరోగ్య కార్యకర్తో ఇచ్చే 20 మిల్లీగ్రాముల జింక్‌ను విరేచనాలు తగ్గినా 14 రోజుల పాటు వేయాలి. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీటిలోనే కలపాలి. గ్లాసులో కొంచెం, గ్లాసులో కొంచెం అంటూ అంచనాగా కలిపితే ఉప్పు ఎక్కువై మొదటికే మోసం వస్తుంది. ఉగ్గును అదే గట్టిదనంతో, కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలకు పైగా మూత్రం పోయకపోయినా, మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచుకోవద్దు. తగ్గిన తర్వాత రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టి, ఆ నెల చివర మళ్లీ తూకం వేయించండి.